హార్మోనియం స్ప్రింగులు, గాలి ఒత్తిడి, మీటల బిగువు: తరచుగా అడిగే ప్రశ్నలు

ఇక్కడున్నవి చేత్తో కొట్టే హార్మోనియం గురించిన ప్రశ్నలు. శ్రుతి పెట్టెకు, కాళ్ళతో తొక్కే హార్మోనియానికి వర్తించే తేడాలు చివర్లో ఉన్నాయి. ఇంట్లో, భజన మందిరంలో, నాటక సమాజంలో వాయిద్యాన్ని తామే చూసుకునేవాళ్ళ కోసం రాసినవి.

హార్మోనియంలో స్ప్రింగులు ఎక్కడెక్కడ ఉంటాయి?

ముఖ్యంగా మూడు చోట్ల. వెనక చేత్తో కొట్టే బయటి తిత్తిలో ఒకటో రెండో ఉంటాయి. చెయ్యి వదలగానే తిత్తిని తెరిచి, బయటి గాలిని లోపలికి లాగడం వాటి పని. పెట్టె అడుగున కంటికి కనపడకుండా ఉండే లోపలి తిత్తి కింద మూడు నుంచి అయిదు దాకా బలమైన స్ప్రింగులుంటాయి. నిండిన తిత్తిని ఇవి పైకి నొక్కుతూ, రీడులకు (గాలికి అదిరి స్వరం పలికే సన్నని లోహపు నాలుకలున్న పట్టీలకు) అందే గాలికి ఒత్తిడినిస్తాయి. ఇక ప్రతి మీట తోక మీదా, అంటే వెనక భాగం మీదా, ఒక సన్నని తీగ స్ప్రింగు ఉంటుంది. వేలు తీయగానే మీటను దాని కింద గాలి వచ్చే కన్నం మీద కూర్చోబెట్టేది అదే. ఇవి కాక స్టాపులకు (రీడులకు గాలి దారి తెరిచే, మూసే బొడిపెలకు), కప్లర్‌కు (ఒక మీట నొక్కితే ఇంకో స్థాయిలోని అదే స్వరం మీటను కూడా దించే ఏర్పాటుకు) చిన్న చిన్న స్ప్రింగులుంటాయి, వాటితో పెద్ద పేచీ రాదు.

ఈ మూడు రకాలూ ఒకదాని మీద ఒకటి ఆధారపడి పనిచేస్తాయి. లోపలి స్ప్రింగులు బిగిస్తే చేతికి బరువు పెరుగుతుంది, బలహీనంగా ఉన్న మీటలు వాటంతటవే పలకడం మొదలుపెడతాయి. అందుకని ఏ ఒక్కదాన్నీ విడిగా సవరించకూడదు.

నాదం బలహీనంగా వస్తోంది. లోపలి స్ప్రింగులు బిగించాలా?

ముందు గాలి కారుతోందేమో చూడండి. స్ప్రింగు అలిసిపోయిన పెట్టెల కంటే గాలి కారే పెట్టెలే ఎక్కువ. కారే పెట్టెకు స్ప్రింగు బిగిస్తే గాలి ఇంకా వేగంగా కారుతుంది, చెయ్యి ఇంకా ఎక్కువ కొట్టాలి, నాదం మాత్రం అంతే ఉంటుంది.

పరీక్ష సులువు. ఒక స్టాపు తెరిచి, తిత్తి నిండా గాలి కొట్టి, బయటి తిత్తిని వదిలేసి, మధ్య స్థాయిలో ఒక మీట నొక్కి పట్టండి. ఎన్ని సెకన్లు మోగిందో రాసుకోండి. ఇప్పుడు స్టాపులన్నీ మూసి, మళ్ళీ నిండా కొట్టి, 10 సెకన్లు ఆగి, స్టాపు తెరిచి అదే మీట నొక్కండి. మొదటిసారి మోగినదాంట్లో సగం సేపు కూడా మోగకపోతే స్ప్రింగుల జోలికి వెళ్ళకండి. కారేచోటు వెతకండి.

వెతకడానికి ఇదే పరీక్షను ఇంకోలా చెయ్యాలి. ఆ 10 సెకన్లూ ఈసారి స్టాపులు తెరిచి ఉంచండి, మీటలేవీ నొక్కకండి. స్టాపులు మూసినప్పటి కంటే బాగా తక్కువసేపు మోగితే గాలి మీటల కింది నుంచి పోతోందన్నమాట. రెండుసార్లూ ఒకేలా ఉంటే లోపం తిత్తి తోలులోనో, చెక్క అతుకుల్లోనో, తోలు వాల్వుల్లోనో ఉంది. లోపలి తిత్తి నిండి ఉండగా, గడి తీసి వదిలిన బయటి తిత్తి దానంతటదే ఉబ్బుతూ, నొక్కితే బిర్రుగా తగిలితే, రెండు తిత్తుల మధ్య ఉండే వాల్వు సరిగ్గా మూసుకోవడం లేదు. మీటల మధ్య ఎక్కడ కారుతోందో తెలియాలంటే ఫ్యాన్ ఆపేసి, వెలిగించిన అగరుబత్తిని మీటల తోకల పైనుంచి మెల్లగా తీసుకువెళ్ళండి. పొగ వంకర తిరిగినచోటే కారుతోంది.

లోపలి తిత్తికి ఎంత ఒత్తిడి ఉండాలి? దాన్ని కొలవడం ఎలా?

గాలి ఒత్తిడిని నీటి మట్టంతో కొలుస్తారు. ఓ రెండు వందల రూపాయల్లో ఇంట్లోనే కొలమానం తయారవుతుంది. లోపల 6 మి.మీ. వెడల్పున్న పారదర్శక ప్లాస్టిక్ గొట్టం మీటరున్నర తీసుకోండి. ఒక ప్లైవుడ్ ముక్క మీద దాన్ని ‘యు’ ఆకారంలో బిగించి, పక్కన మి.మీ. స్కేలు అంటించి, రంగు కలిపిన నీళ్ళు సగం దాకా పోయండి. పెట్టెలో చివరి మీటను ఒకదాన్ని తీసి, దాని కింది కన్నం మీద తోలు అంటించిన చిన్న చెక్క దిమ్మె ఉంచండి. ఆ దిమ్మెకు గొట్టం పట్టేంత రంధ్రం చేసి గొట్టం కొస దూర్చండి. దిమ్మె చుట్టూ గాలి పోకుండా వేలితో గట్టిగా నొక్కి ఉంచాలి. ఆ కన్నం తాలూకు స్టాపు తెరిచి గాలి కొడితే గొట్టంలో ఒకవైపు నీళ్ళు దిగి రెండోవైపు ఎక్కుతాయి. రెండు మట్టాల మధ్య తేడాయే ఒత్తిడి. ఒకవైపు ఎంత ఎక్కిందో మాత్రమే చూసి రాసుకుంటే సగమే వస్తుంది. చాలామంది పొరపడేది ఇక్కడే.

ఒకే అంకె అన్ని పెట్టెలకూ సరిపోదు. రీడులే చెప్పాలి. తిత్తి దాదాపు ఖాళీ అయిన దశలో కూడా అట్టడుగు మంద్ర రీడు ఆలస్యం లేకుండా పలకాలి. తిత్తి నిండుగా ఉన్నప్పుడు పై స్థాయి రీడులు నోరు నొక్కుకుపోకూడదు. ఈ రెండూ కుదిరిన ఒత్తిడే మీ పెట్టెకు సరైన ఒత్తిడి. ఒక్క రీడు మాత్రమే మొరాయిస్తే తప్పు స్ప్రింగుది కాదు, ఆ రీడు నాలుక ఎత్తుది. నాలుక మరీ దిగి ఉంటే ఎక్కువ ఒత్తిడికి మూగబోతుంది, మరీ లేచి ఉంటే తక్కువ ఒత్తిడికి ఆలస్యంగా పలుకుతుంది.

ఆ ఒత్తిడికి స్ప్రింగుల బలం ఎంత కావాలో లెక్క ఉందా?

ఉంది, తేలికైన లెక్కే. చదరపు మీటరు వైశాల్యం మీద 1 మి.మీ. నీటిమట్టం ఒత్తిడి అంటే 1 కిలో బరువు. లోపలి తిత్తి పలక 50 సెం.మీ. పొడవు, 20 సెం.మీ. వెడల్పు అనుకోండి. అంటే 0.1 చదరపు మీటరు. 75 మి.మీ. ఒత్తిడి కావాలంటే 75 × 0.1 = 7.5 కిలోలు. పలక నాలుగు వైపులా సమంగా కిందికి దిగే రకమైతే నాలుగు స్ప్రింగులు తలా 1.9 కిలోలు మోయాలి. మడతల ప్రభావాన్ని, పలక సొంత బరువును ఇందులో కలపలేదు, కాబట్టి ఇది ఉజ్జాయింపు. కానీ కొత్త స్ప్రింగు ఎంచుకోవడానికి ఈ ఉజ్జాయింపు చాలు.

పలక ఒకవైపు మడతబందు మీద ఊగుతూ రెండోవైపు మాత్రమే దిగే రకమైతే లెక్క మారుతుంది. గాలి బలం పలక మధ్యలో, అంటే మడతబందుకు 10 సెం.మీ. దూరంలో పనిచేస్తుంది: 7.5 × 10 = 75. స్ప్రింగులు మడతబందుకు 18 సెం.మీ. దూరంలో ఉంటే అన్నీ కలిపి 75 ÷ 18, అంటే సుమారు 4.2 కిలోలు చాలు. అవే స్ప్రింగుల్ని 12 సెం.మీ. దగ్గరికి జరిపితే 4.2 × 12 = 50, ఒత్తిడి 75 నుంచి 50 మి.మీ.కి పడిపోతుంది. జరిపిన చోట స్ప్రింగు నొక్కుడు కూడా కొంత మారుతుంది కాబట్టి ఫలితం అచ్చంగా ఇంతే రాదు, దగ్గర్లో ఉంటుంది.

దీన్నిబట్టి తీగను వంచకుండానే, పైసా ఖర్చు లేకుండానే ఒత్తిడి మార్చుకోవచ్చని తెలుస్తుంది. స్ప్రింగు పాదాన్ని జరిపితే చాలు. నచ్చకపోతే మళ్ళీ పాతచోటికి తెచ్చుకోవచ్చు. ఈ రకం పెట్టెలో మొదట ప్రయత్నించవలసిన సవరణ ఇదే.

అడుగు పలక విప్పి స్ప్రింగుల దాకా వెళ్ళడం ఎలా?

చాలా పెట్టెల్లో లోపలి తిత్తి స్ప్రింగులు అడుగు పలకకూ తిత్తి పలకకూ మధ్య నొక్కుకుని ఉంటాయి. మందపాటి దుప్పటి పరిచి, పై మూతను, గాజు పలక ఉంటే దాన్ని కూడా తీసేసి, బయటి తిత్తి గడి వేసి, పెట్టెను బోర్లా తిప్పండి. బోర్లా వేసేటప్పుడు బరువు మీటల మీద పడకూడదు. రెండు చివర్లా చెక్క దిమ్మెలు పెట్టి, పెట్టె గోడలు వాటి మీద ఆనేలా చూసుకోండి.

అడుగు పలక స్క్రూలన్నీ ఒకేసారి విప్పేయకండి. ఎదురెదురు స్క్రూలను తలా రెండు చుట్లు వదులుతూ రండి, రెండో మనిషి పలకను అరచేతులతో నొక్కి పట్టుకోవాలి. నొక్కుకుని ఉన్న స్ప్రింగు చివరి స్క్రూ ఊడగానే ఎగురుతుంది, కంటికి తగిలితే ప్రమాదం. కళ్ళద్దాలు పెట్టుకునే పని మొదలుపెట్టండి.

పలక లేవగానే ఏదీ కదపకుండా ఫోటో తీయండి. ప్రతి స్ప్రింగు పాదం చుట్టూ పెన్సిల్‌తో గీత గీసి, స్ప్రింగుకూ దాని చోటుకూ ఒకే అంకె వేసి టేపు అంటించండి. అన్నీ ఒకేలా కనపడినా తయారీదారు వాటిని వేరువేరు బిగువుతో పెట్టి ఉండవచ్చు. ముఖ్యంగా బయటి తిత్తి వైపున్నవి తరచు తేడాగా ఉంటాయి.

స్ప్రింగు బిగువు మార్చడానికి ఎన్ని దారులున్నాయి?

పాదం జరపడం చెప్పాం. రెండోది పాదం కింద ఎత్తు పెట్టడం. 3 మి.మీ. ప్లైవుడ్ ముక్క, దాని మీద పలుచని ఫెల్ట్ అంటించి స్ప్రింగు కింద పెడితే స్ప్రింగు ఆ మేరకు ముందే నొక్కుకుని ఉంటుంది. అన్ని స్ప్రింగుల కిందా ఒకే ఎత్తు పెట్టాలి. ఒకదానికే పెడితే పలక ఒరిగి, తిత్తి ఎదుటి మూలలో తోలు లాగుకుపోయి, కొన్నాళ్ళకు అక్కడే చిరుగుతుంది.

మూడోది తీగను వంచడం. ‘వి’ ఆకారపు స్ప్రింగును రెండు చేతులతో పట్టి కాళ్ళు కాస్త విడదీస్తే బిగువు పెరుగుతుంది, దగ్గరికి తెస్తే తగ్గుతుంది. ఒక్కోసారి 5 మి.మీ.కి మించి మార్చకండి, మళ్ళీ బిగించి కొలవండి. ప్లయర్‌తో చుట్ట దగ్గర పట్టి వంచడం మాత్రం ఎప్పుడూ చెయ్యకూడదు. ప్లయర్ పళ్ళు తీగ మీద చేసిన గాటు దగ్గర పగులు మొదలై, కొన్ని వేల ఊపుల తర్వాత స్ప్రింగు సరిగ్గా అక్కడే విరుగుతుంది. నిప్పు మీద కాల్చి వంచితే తీగ పదును పోయి మెత్తబడుతుంది, అది ఇక స్ప్రింగుగా పనికిరాదు.

స్క్రూతో బిగించుకునే, వదులు చేసుకునే ఏర్పాటు అమర్చుకోవచ్చా?

తప్పకుండా. పలక సమంగా దిగే పెట్టెలకు ఇది ఎంతో మేలైన మార్పు. వానాకాలం ఒకలా, ఎండాకాలం ఒకలా ప్రవర్తించే పెట్టెను మళ్ళీ మళ్ళీ విప్పనక్కర్లేదు.

ఒక్కో స్ప్రింగుకు ఒక ఎం6 బోల్టు 40 మి.మీ.ది, ఒక టీ-నట్టు (చెక్కలోకి దిగే పళ్ళున్న నట్టు), ఒక లాక్ నట్టు, 40 మి.మీ. వెడల్పున్న గుండ్రని గట్టి ప్లైవుడ్ బిళ్ళ కావాలి. స్ప్రింగు పాదం ఉండే చోట అడుగు పలకకు 8 మి.మీ. రంధ్రం చేసి, టీ-నట్టును లోపలివైపు నుంచి కొట్టి దించండి. బోల్టును కింది నుంచి ఎక్కిస్తే దాని కొస బిళ్ళను పైకి లేపుతుంది, స్ప్రింగు బిళ్ళ మీద కూర్చుంటుంది. బిళ్ళ అడుగున బోల్టు కొస పట్టేలా చిన్న గుంట, బిళ్ళ పైన స్ప్రింగు పాదం జారకుండా ఒక గాడి చెయ్యండి. ‘వి’ స్ప్రింగు పాదం బిళ్ళతో పాటు తిరిగిపోకుండా రెండు పక్కలా చిన్న చెక్క పట్టీలు అంటించాలి. ఇది మరిచిపోతే మూడో చుట్టుకే స్ప్రింగు అడ్డం తిరుగుతుంది. బోల్టు తల పెట్టె అడుగున బయటికి పొడుచుకు వస్తుంది కాబట్టి, దానికంటే ఎత్తైన రబ్బరు కాళ్ళు నాలుగు మూలలా బిగించండి.

అడుగు పలకకు రంధ్రాలు చేస్తే గాలి పోదా అని సందేహం వద్దు. లోపలి తిత్తి కింద ఉండేది మామూలు బయటి గాలే. నిజానికి అక్కడ గాలి ఆడే దారి లేకపోతే తిత్తి కిందికి దిగడానికే ఇబ్బంది పడుతుంది.

ఎం6 బోల్టు ఒక చుట్టుకు 1 మి.మీ. కదులుతుంది. స్ప్రింగు గట్టిదనం మి.మీ.కి 100 గ్రాములైతే, నాలుగు బోల్టులూ తలా ఒక చుట్టు తిప్పినప్పుడు 400 గ్రాములు పెరుగుతాయి. 0.1 చదరపు మీటరు పలకకు అది 4 మి.మీ. నీటిమట్టం. చెవికి తేడా తెలియాలంటే రెండు మూడు చుట్లు తిప్పాలి. నాలుగింటినీ సమానంగా తిప్పి, ఎన్ని చుట్లో అడుగు పలక మీదే రాసి, లాక్ నట్టు బిగించండి. లాక్ నట్టు లేకపోతే వాయించేటప్పటి అదురుకు బోల్టు దానంతటదే దిగిపోతుంది.

తిత్తి నిండుగా ఉన్నప్పుడు నాదం బలంగా, ఖాళీ అవుతుంటే నీరసంగా వస్తోంది. ఎందుకు?

పొట్టి, గట్టి స్ప్రింగులు వేశారన్నమాట. తిత్తి నిండేకొద్దీ స్ప్రింగు ఎక్కువ నొక్కుకుంటుంది, బలం కూడా అంతే పెరుగుతుంది. పలక 30 మి.మీ. కదులుతుందనుకుందాం. ఖాళీగా ఉన్నప్పుడు 15 మి.మీ. మాత్రమే నొక్కుకుని ఉన్న స్ప్రింగు, నిండేసరికి 45 మి.మీ. నొక్కుకుంటుంది. బలం మూడు రెట్లవుతుంది. అదే మెత్తని పొడుగు స్ప్రింగును ముందే 75 మి.మీ. నొక్కి అమర్చితే, నిండేసరికి 105 మి.మీ., అంటే 1.4 రెట్లే.

కాబట్టి స్ప్రింగు మెత్తగా, పొడుగ్గా ఉండి, బాగా నొక్కి అమర్చబడి ఉండాలి. హార్మోనియం పనిలో ఇంతకంటే ముఖ్యమైన సూత్రం లేదు. గాత్రానికి పక్కవాద్యంగా వాడే పెట్టెకు ఇది మరీ అవసరం, ఎందుకంటే ఒత్తిడి పెరిగితే నాదంతో పాటు శ్రుతి కూడా కదులుతుంది. మంద్ర రీడుల్లో ఎక్కువ ఒత్తిడికి శ్రుతి కొద్దిగా దిగడం చెవి ఉన్నవాళ్ళకు తెలిసిపోతుంది. నీటి గొట్టం పెట్టి, నిండుగా ఉన్నప్పుడూ ఖాళీ కాబోయే ముందూ కొలవండి. రెండింటి మధ్య తేడా సగానికి మించి ఉంటే స్ప్రింగులు మార్చడమే మేలు. బిగించి, వదులు చేసి లాభం లేదు.

కొత్త స్ప్రింగుకు తీగ ఎంత మందం తీసుకోవాలి?

పాత తీగను వెర్నియర్ కాలిపర్‌తో కొలిచి అదే గేజి తీసుకోండి. “కాస్త బలంగా ఉంటే మంచిదే కదా” అని ఒక గేజి పెంచడం చాలా పెద్ద మార్పు. స్ప్రింగు గట్టిదనం తీగ మందానికి నాలుగో ఘాతంలో పెరుగుతుంది. 14 గేజి తీగ 2.03 మి.మీ., 13 గేజి 2.34 మి.మీ. చూడ్డానికి తేడా తెలియదు, గట్టిదనం మాత్రం ముప్పావు వంతుకు పైగా పెరుగుతుంది. 12 గేజి, అంటే 2.64 మి.మీ. తీగ అయితే దాదాపు మూడు రెట్లు. అదే చుట్టల సంఖ్య పెంచితే గట్టిదనం మెల్లగా తగ్గుతుంది: రెండు చుట్టలను మూడు చేస్తే సుమారు మూడింట రెండు వంతులవుతుంది. సన్నగా సవరించాలంటే గేజి కాదు, చుట్టలు మార్చండి.

పియానో వైరు అని అడగండి. మామూలు జీఐ తీగ (జింకు పూత పూసిన ఇనుప తీగ) చుట్టడానికి తేలిక, కానీ నెల తిరగకుండానే వంగి అలాగే ఉండిపోతుంది. పియానో వైరును చల్లగానే చుట్టాక, 230 డిగ్రీల సెల్సియస్ దగ్గర అరగంట ఓవెన్‌లో ఉంచి దానంతటదే చల్లారనిస్తే చుట్టినప్పటి బిర్రు తగ్గి, బిగువు నిలుస్తుంది. ఈ మెట్టు వదిలేసిన స్ప్రింగులు మొదటి కొన్ని వారాల్లోనే కొంత బలం కోల్పోతాయి.

చేతికి బరువుగా ఉంది. బయటి తిత్తి స్ప్రింగు వదులు చెయ్యాలా?

చాలాసార్లు తప్పు అక్కడ ఉండదు. చెయ్యి ఎదుర్కొనే బరువులో పెద్ద భాగం లోపలి తిత్తి ఒత్తిడిదే. బయటి తిత్తి పలక కూడా 0.1 చదరపు మీటరే అనుకుంటే, 75 మి.మీ. ఒత్తిడికి ఎదురుగా గాలి తోయడానికి పలక మధ్యలో 7.5 కిలోల బలం కావాలి. కింద మడతబందు ఉండి, పై అంచు దగ్గర చెయ్యి వేస్తారు కాబట్టి చేతికి అందులో సగం, 3.75 కిలోలు తెలుస్తుంది. బయటి స్ప్రింగు దీనికి అదనంగా కలిపేది కొద్దిగానే. ఆ స్ప్రింగు వదులు చేస్తే బరువు పెద్దగా తగ్గకపోగా, తిత్తి తెరుచుకోవడం మందగిస్తుంది.

బయటి స్ప్రింగు సరిగ్గా ఉందో లేదో ఇలా చూడండి. తిత్తిని పూర్తిగా మూసి చెయ్యి వదిలితే, సాయం లేకుండా ఒక సెకను లోపు పూర్తిగా తెరుచుకోవాలి. నెమ్మదిగా తెరుచుకుంటూ గాలి పీల్చుతున్న చప్పుడు వస్తుంటే స్ప్రింగు మంచిదే, లోపలికి గాలి వచ్చే కన్నాల వెనక తోలు వాల్వులు అంటుకుపోయాయి. చప్పుడు లేకుండా నీరసంగా తెరుచుకుంటే అప్పుడు స్ప్రింగు చూడండి. తటాలున తెరుచుకుని టక్కుమని కొట్టుకుంటే స్ప్రింగు ఎక్కువ బిగువుగా ఉంది. పాట మధ్యలో ఆ చప్పుడు మైకులో వినిపిస్తుంది.

ఒక మీట నొక్కకుండానే పలుకుతోంది. స్ప్రింగు మార్చాలా?

స్ప్రింగు దాకా వెళ్ళే ముందు మూడు చూడండి. మీట తోక కింద తోలుకూ కన్నానికీ మధ్య చెత్త ఇరుక్కుందేమో చూడండి. తోలు గట్టిపడి గాడి పడిందేమో చూడండి. మీటను పక్కకు కాస్త కదిపితే ఆగిపోతోందా గమనించండి. ఆగితే మీట ఒంగింది, లేదా పిన్ను దగ్గర పట్టేస్తోంది. వానాకాలంలో చెక్క ఉబ్బి పిన్ను కన్నం బిగిసిన మీటకు స్ప్రింగు బిగిస్తే, అది ఎండాకాలంలో రాయిలా మారుతుంది.

ఇవన్నీ బాగుంటే బిగువు కొలవండి. గాలి కొట్టకుండా, మీట ముందు అంచు మీద నాణేలు ఒక్కొక్కటే పేర్చండి, మీట దిగిన దగ్గర ఆపి, ఆ నాణేలను వంటింటి డిజిటల్ కాటా మీద తూచండి. ఇదెందుకంటే, గాలి మీట తోకను కింది నుంచి పైకి తోస్తుంది. కన్నం 5 సెం.మీ. పొడవు, 8 మి.మీ. వెడల్పు ఉంటే వైశాల్యం 4 చదరపు సెం.మీ. 75 మి.మీ. ఒత్తిడికి చదరపు సెం.మీ.కు 7.5 గ్రాములు చొప్పున 30 గ్రాముల తోపుడు. స్ప్రింగు 35 గ్రాములే నొక్కుతుంటే ఆ మీట నేడో రేపో పలుకుతుంది. 60 గ్రాములుంటే 30 గ్రాములు మిగులుతాయి, అది సుఖమైన బిగువు. 90 దాటితే వేగంగా స్వరాలు వేసేటప్పుడు వేళ్ళు అలిసిపోతాయి.

పక్కపక్క మీటల మధ్య 10 గ్రాములకు మించి తేడా లేకుండా చూసుకోండి. వాయించేవాళ్ళ వేలు బరువును త్వరగానే అలవాటు చేసుకుంటుంది, అసమానతను మాత్రం అలవాటు చేసుకోదు. నల్ల మీటలు వేలికి పొట్టిగా ఉంటాయి కాబట్టి ఒకే స్ప్రింగు వాటి దగ్గర బరువుగా తోస్తుంది. అక్కడ కొంచెం మెత్తగా పెట్టాలి, గాలి తోపుడును మించి 20 గ్రాములైనా మిగిలేలా చూసుకోవాలి.

మీట స్ప్రింగును సవరించే పద్ధతి?

సన్నని నోస్ ప్లయర్‌తో స్ప్రింగు కొస కొక్కేన్ని మీట మీది గాడి నుంచి పైకెత్తి, పక్కకు తప్పించండి. తీగను వేలి గోరుతో కింది వైపుకు మెల్లగా, పొడవంతా సమంగా వంచితే బిగువు పెరుగుతుంది. తిరిగి గాడిలో పెట్టి మళ్ళీ తూచండి. కొస గాడి మధ్యలో కూర్చోవాలి. పక్కకు ఒరిగి ఉంటే మీటను ప్రతి నొక్కుకూ ఒకవైపు లాగుతుంది, తోలు ఆ వైపే అరుగుతుంది.

ఇత్తడి, కంచు తీగలకు స్టీలులో సుమారు సగం గట్టిదనమే ఉంటుంది. తుప్పు పట్టిన స్టీలు స్ప్రింగు స్థానంలో అదే మందం ఇత్తడి తీగ వేస్తే మీట నీరసపడిపోతుంది. మందం అయిదో వంతు పెంచితే లెక్క సరిపోతుంది. విశాఖ, కాకినాడ, మచిలీపట్నం లాంటి సముద్రపు గాలి తగిలే ఊళ్ళలో స్టీలు కంటే ఫాస్ఫర్ బ్రాంజ్ తీగ మంచిది. స్టీలే ఉంచుకోదలిస్తే తీగకు పలుచగా మైనం రాయండి.

స్ప్రింగు కిర్రుమంటోంది. నూనె వెయ్యొచ్చా?

వద్దు. నూనె చెక్కలోకి ఇంకుతుంది, తోలుకు పాకుతుంది, జిగురు అతుకులు వదిలేస్తాయి, దుమ్ము పట్టి గట్టిపడుతుంది. చప్పుడు వచ్చేది స్ప్రింగు పాదం చెక్క మీద రాసుకోవడం వల్ల. పాదం కింద ఫెల్ట్ లేదా పలుచని తోలు అంటించి, తీగ ఆనేచోట కొవ్వొత్తి మైనమో, మెత్తని పెన్సిల్ ముల్లు పొడో రుద్దండి.

కప్లర్ వేస్తే మీటలు బాగా బరువెక్కుతున్నాయి. లోపమా?

కాదు. ఒక వేలు రెండు మీటల స్ప్రింగుల్ని నొక్కుతోంది కాబట్టి దాదాపు రెట్టింపు కావడం సహజం. రెట్టింపు కంటే ఎక్కువైతే కప్లర్ తీగలు ఎక్కడో రాసుకుంటున్నాయి. కప్లర్ ఎక్కువగా వాడేవాళ్ళు మీట బిగువు మొదటే 50 గ్రాముల దగ్గర పెట్టుకుని, ఒత్తిడిని 60 మి.మీ. దగ్గర ఆపుకోవడం మంచి సర్దుబాటు.

శ్రుతి పెట్టెకు ఇవే కొలతలా?

సూత్రం అదే, ప్రాధాన్యం వేరు. శ్రుతి పెట్టెలో మీటలు లేవు, వేగం లేదు, నాదం అలలు లేకుండా నిలవాలి. అందుకని లోపలి తిత్తి స్ప్రింగు వీలైనంత మెత్తగా, ఒత్తిడి వీలైనంత తక్కువగా పెట్టాలి. ఊపు ఊపుకూ నాదం ఎగిసిపడుతుంటే స్ప్రింగు గట్టిగా ఉంది, లేదా రెండు తిత్తుల మధ్య వాల్వు ఆలస్యంగా మూసుకుంటోంది.

పద్యనాటకాల్లో వాడే కాలి హార్మోనియానికి, చర్చిల్లోని పాత రీడ్ ఆర్గాన్‌కు తేడా ఏమిటి?

1840ల్లో పారిస్‌లో అలెగ్జాండర్ దెబాఁ పేటెంట్ తీసుకున్న హార్మోనియం కాళ్ళతో తొక్కేదే, గాలిని రీడుల గుండా బయటికి తోసే రకం. కలకత్తాలో ద్వారకానాథ్ ఘోష్ దాన్ని నేల మీద కూర్చుని చేత్తో కొట్టేలా మలిచారు. తోసే రకంలో స్ప్రింగులు గాలి నిల్వ తిత్తిని మూసే దిశలో నొక్కుతాయి. అమెరికన్ పద్ధతి రీడ్ ఆర్గాన్లు గాలిని లోపలికి పీల్చే రకం. అందులో స్ప్రింగులు తిత్తి లోపల ఉండి దాన్ని తెరిచే దిశలో తోస్తాయి. మీటల దగ్గర కూడా గాలి బలం తలకిందులవుతుంది: పీల్చుడు మూతను కన్నానికి అదుముతుంది, కాబట్టి మెత్తని స్ప్రింగు సరిపోతుంది, ఒత్తిడి పెంచితే మీట తేలికయ్యే బదులు బరువెక్కుతుంది. ఏ రకమో తెలియకుండా స్ప్రింగు కొనకండి. ఒక మీట నొక్కి పట్టి, మీటల సందు దగ్గర పలుచని కాగితం ముక్క పెట్టి తొక్కితే చాలు: ఎగిరితే తోసే రకం, అంటుకుంటే పీల్చే రకం.

తొక్కుడు పలకలు రెండూ తిరిగి లేచే వేగం సమానంగా ఉండాలి. ఒకటి ఆలస్యమైతే దాని స్ప్రింగు కంటే ముందు, పలకను తిత్తికి కలిపే పట్టీ సాగిందేమో చూడండి.

పని పూర్తయ్యాక ఏమేం సరిచూసుకోవాలి?

అడుగు పలక బిగించాక పెట్టెను మామూలుగా నిలబెట్టి, ముందు గాలి నిలుపుదల పరీక్ష మళ్ళీ చెయ్యండి. ఒత్తిడి పెంచిన పెట్టెలో ఇంతకు ముందు కారని చోట కారడం మామూలే. తర్వాత నీటి గొట్టంతో నిండుగా, ఖాళీ కాబోయే ముందు రెండు కొలతలు తీసుకోండి. స్టాపులన్నీ తెరిచి, తిత్తి నిండా కొట్టి, మీటలేవీ ముట్టుకోకుండా పది సెకన్లు వినండి. ఎక్కడైనా సన్నగా పలికితే ఆ మీట స్ప్రింగు ఒక్కటే సవరించండి. ఒక మీట కోసం ఒత్తిడి తగ్గించకండి. ఒత్తిడి 10 మి.మీ.కి మించి మారిన పెట్టెకు శ్రుతి కూడా మళ్ళీ చూడాలి. ఆ పనికి ముందు స్ప్రింగులు సర్దుకోవడానికి వారం రోజులు వాయించనివ్వండి, లేకపోతే శ్రుతి పని రెండుసార్లు చేయించుకోవలసి వస్తుంది.